ఏదుపంది నూకాలు నీళ్ళదారి

అనగనగా ఒక అడవిలో సింహం లేదు. పులి కూడా లేదు. రాజు లేకుండా అడవి ఎలా నడుస్తుందని మీకు అనుమానం రావచ్చు. శుభ్రంగా నడిచేది. ఏటా తొలకరి పడగానే జంతువులన్నీ పెద్ద ఇప్పచెట్టు కింద చేరేవి. తమలో ఒకరిని అడవిపెద్దగా ఎంచుకునేవి. ఏడాది పాటు ఆ పెద్ద మాట వినేవి. వినడం ఇష్టం లేనివాళ్ళు గొణుక్కునేవాళ్ళు. మన ఇళ్ళల్లో జరిగేదీ అదే కదా.

ఆ అడవిలో కొండ కింద ఒక గుహ ఉండేది. దాన్ని మందుగుహ అనేవాళ్ళు. గంగులు అనే ముసలి ఎలుగుబంటి అందులో వైద్యం చేసేవాడు. ఆయనకు తెలియని ఆకు లేదు, తెలియని వేరు లేదు. కాని ముసలివాడు ఒక్కడే కొండలన్నీ ఎక్కి దిగి అవన్నీ ఎలా తెస్తాడు? అందుకని అక్కడొక ఆనవాయితీ ఉండేది. నెలకొక రోజు ప్రతి గూటివాళ్ళూ, ప్రతి బొరియవాళ్ళూ మందుగుహకి పని చెయ్యాలి. ఆ రోజు పేరు మందురోజు. ఉడతలు గింజలు ఏరేవి. దుప్పులు కొమ్ములతో వేళ్ళు తవ్వేవి. అడవిపందులు బలమైనవి కాబట్టి తీగలు లాక్కొచ్చేవి. అలా చేరిన మందుని ఎవరికి జబ్బు చేస్తే వాళ్ళు వాడుకునేవాళ్ళు. నువ్వెంత తెచ్చావని గంగులు ఎవరినీ అడిగేవాడు కాదు.

ఆ అడవిలోనే నూకాలు అనే ఏదుపంది ఉండేది. ఒళ్ళంతా ముళ్ళు, నోటి నిండా మాటలు. ముళ్ళకన్నా మాటలే పదునని చుట్టుపక్కలవాళ్ళు అనేవాళ్ళు. అది విని నూకాలు మురిసిపోయేది.

నూకాలుకి రెండు కళ్ళూ కనపడవు. చిన్నప్పుడు జిల్లేడు కొమ్మ విరిచి ఆడుకుంటుంటే పాలు కళ్ళల్లో చిమ్మాయి. గంగులు నెల రోజులు మందు వేశాడు. నొప్పి తగ్గింది కాని చూపు రాలేదు.

చూపు లేనివాళ్ళని మనం చెయ్యి పట్టుకుని నడిపిస్తాం. మరి ఏదుపందిని ఎక్కడ పట్టుకుంటారు? చెప్పండి చూద్దాం. భుజం మీద ముళ్ళు, వీపు మీద ముళ్ళు, తోక మీద కూడా ముళ్ళే. నూకాలుకి దారి చూపిద్దామని పోయినవాళ్ళు దారిలోనే కేకలు పెట్టి, తిరిగి మందుగుహకే పోయేవాళ్ళు, గుచ్చుకున్న ముళ్ళు పీకించుకోవడానికి.

అందుకే గంగులు ఒక ఉపాయం ఆలోచించాడు. నూకాలు బొరియ నుంచి వాగు దాకా, చెట్టు నుంచి చెట్టుకి తాడులా గట్టిగా ఉండే అడ్డతీగ కట్టించాడు. ఆ తీగకి చెంప రాసుకుంటూ నడిస్తే చాలు. తీగకి ఒక ముడి తగిలితే అక్కడ మలుపు. రెండు ముడులు తగిలితే పక్కన గుంట ఉంది, జాగ్రత్త. మూడు ముడులు తగిలితే నీళ్ళు వచ్చేశాయి. తీగ పచ్చిది కాబట్టి ఎండుతుంది, కుళ్ళుతుంది. ప్రతి మందురోజూ అడవిపందులు వచ్చి పాడైన ముక్క తీసేసి కొత్తది కట్టేవి.

రోజూ పొద్దున్నే నూకాలు ఒక్కతే వాగుకి పోయేది. దారిలో అందరినీ ఒక చూపు చూసేది. అదేనండీ, ఒక మాట అనేది.

"ఏమ్మా ముంగిసా, మీ పిల్లలు రాత్రంతా ఒకటే గోల. నీ గొంతే వచ్చినట్టుంది వాళ్ళకి!"

"అప్పన్నా, ఇంకా లేవలేదా? తాబేలువైతే మాత్రం మరీ ఇంత నిదానమా?"

ఆ తాబేలు అప్పన్న వీపు డిప్ప ఎప్పుడో కొండరాయి దొర్లి పడి పగిలింది. ఏటా వానలకి ముందు గంగులు ఆ పగులుకి లక్క పూసేవాడు. పూయకపోతే నీళ్ళు దిగి లోపల పుండవుతుంది. అప్పన్న పక్కనే పైడి అనే కుందేలు ఉండేది. దాని కాళ్ళల్లో ఒకటి ఉచ్చులో పడి వంకరైపోయింది. పదిరోజులకోసారి నల్లేరు కట్టు మారిస్తేనే ఆ కాలు నేల మీద ఆనేది. నూకాలు వాగు నుంచి వచ్చేటప్పుడు ముగ్గురూ ఒకచోట కూర్చుని, లోకంలో ఉన్నవాళ్ళందరినీ తిట్టుకుని, నవ్వుకుని, ఇళ్ళకి పోయేవాళ్ళు. అదీ నూకాలు బతుకు. నీళ్ళు, మాటలు, నవ్వులు. ఆ తీగ ఉన్నంతకాలం ఆమెకి ఏ లోటూ తెలియలేదు.

ఒక ఏడాది సింహాద్రి అనే కొండముచ్చు అడవిపెద్ద అయ్యాడు. మంచివాడే. అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. తోక చివర ఒక వంపు ఉండేది. ఆ వంపు అందం అనుకుని తోకని ఎప్పుడూ పైకెత్తి తిరిగేవాడు. అతనికున్న చిక్కల్లా ఒకటే. చెట్టు దిగడు. ఆకలేస్తే చిగుళ్ళు, దాహమేస్తే చెట్టు తొర్రలో నిలిచిన నీళ్ళు. అన్నీ పైనే. పైనుంచి చూస్తే అడవంతా కనపడుతుంది కాబట్టి తనకి అంతా తెలుసనుకునేవాడు. ఆకుల కింద నేల మీద ఏముందో పైనుంచి కనపడదు కదా! ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే వాళ్ళు చెట్టెక్కాలి, లేదా అతను దిగాలి.

పైనుంచి అతనికి కనిపించింది ఏమిటంటే, నెలనెలా అడవిపందులు తీగ లాగడం. ఎంత లాగినా మళ్ళీ నెలకి మళ్ళీ లాగడం. "ఇంత తీగ ఏమైపోతోంది?" అనుకున్నాడు. ఒకరోజు ఇప్పచెట్టు కింద అందరినీ పిలిచాడు. తను మాత్రం కొమ్మ మీదే కూర్చున్నాడు.

"మనకి ఒక మంచె కావాలి" అన్నాడు. "ఈ ఇప్పచెట్టు మీద, అన్ని చెట్లకన్నా ఎత్తున. దాని మీంచి చూస్తే పక్క అడవులు కూడా కనపడతాయి. పక్క అడవులవాళ్ళకి మనమూ కనపడతాం. దానికి తీగ కావాలి, పని కావాలి. అందుకని మందురోజుల్ని తగ్గిద్దాం. నెలకొకటి కాదు, మూడు నెలలకొకటి చాలు."

"మరి మందుగుహకి?" అని గంగులు అడిగాడు.

"అవసరమైనంత వరకు ఉంటుంది తాతా. అనవసరమైనదే తీసేస్తాం. ఇప్పుడు పైడి కాలుంది. ఎన్నేళ్ళు కట్టినా అది బాగుపడదు కదా? అలాంటప్పుడు నల్లేరు ఎందుకు? అప్పన్న డిప్పకి ఏటా లక్క పూస్తున్నారు. పూసిందే మళ్ళీ పూయడం దేనికి? ఇక తీగ. అంత పొడుగు తీగ, అన్ని చెట్లకి కట్టి, నెలనెలా మార్చి... అది వాడేది ఒక్కరు. నూకాలత్తంటే నాకు ప్రాణమే, కాని అందరికోసం ఒక్కరు సర్దుకోవాలి."

నూకాలు ముళ్ళు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. పక్కనున్న ముంగిస ఎగిరి దూరంగా కూర్చుంది.

"సర్దుకోవడమంటే ఏమిటి నాయనా?" అంది నూకాలు. "వారంలో రెండు రోజులు దాహం మానెయ్యనా?"

"అయ్యో, అదేం లేదత్తా. రోజుకొకరు వచ్చి నిన్ను తీసుకుపోతారు. తోడు ఉంటుంది. తీగకన్నా మనుషుల తోడు మంచిది కదా?"

"ఇక్కడ మనుషులెవరూ లేరు. నేను అడిగింది తోడు కాదు. దారి."

మిగతావాళ్ళు మనసులో లెక్కలు వేసుకున్నారు. అడవిపందులకి తీగ లాగే పని తప్పుతుంది. ఉడతలకి గింజలేరే పని తగ్గుతుంది. దుప్పులకి ఒక పూట ఎక్కువ నిద్ర దొరుకుతుంది. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. ఎవరి పూట వాళ్ళు చూసుకున్నారు, అంతే. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే.

సింహాద్రి అడిగాడు. "అందరికీ సమ్మతమేనా?"

అన్ని తలలూ మెల్లగా ఊగాయి.

"ఏం, నోళ్ళు పడిపోయాయా?" అంది నూకాలు. "మీరు తలూపితే కళ్ళు లేనిదానికి ఎలా తెలుస్తుంది? ఒక్కరైనా నోరు తెరిచి చెప్పండి, నూకాలూ నీకు తీగ వద్దు అని."

ఆ మాట ఒక్కరూ అనలేకపోయారు. తలలు మాత్రం ఊపుతూనే ఉన్నారు.

మర్నాడే అడవిపందులు వచ్చి తీగ విప్పుకుపోయాయి. "ఏమీ అనుకోకత్తా" అంది వాటిలో పెద్దది. "అనుకోవడానికి నాకు చాలా తీరిక ఉంటుంది లేరా ఇకమీద" అంది నూకాలు.

తోడు మొదలైంది.

మొదటిరోజు ముంగిస వచ్చింది. పొద్దెక్కిన తర్వాత వచ్చింది. "పిల్లలతో తెమల్లేదత్తా" అంది. వాగు దగ్గర నూకాలు కాలు జారితే పట్టుకోబోయింది. దాని అరచేతిలో మూడు ముళ్ళు దిగాయి. పాపం, ఏడుస్తూ ఇంటికి పోయింది.

రెండోరోజు అడవికోడి వచ్చింది. నాలుగడుగుల దూరంలో నడుస్తూ "ఇటు ఇటు" అంటూ దారి చెప్పింది. దారి సగంలో ఒక చెదల పుట్ట కనపడింది. "ఇప్పుడే వస్తా" అంది. చెదలు రుచిగా ఉన్నాయి కాబోలు, నూకాలు మిట్టమధ్యాహ్నం దాకా నిలబడిన చోటే నిలబడింది.

మూడోరోజు ఎవరూ రాలేదు. ముంగిస అడవికోడి వెళ్ళిందనుకుంది. అడవికోడి దుప్పి వెళ్ళిందనుకుంది. దుప్పికి తన వంతని తెలియనే తెలియదు. నూకాలు బొరియ గుమ్మంలో కూర్చుని అడుగుల చప్పుడు వింటూ ఉంది. ప్రతి చప్పుడూ దగ్గరికొచ్చి, పక్క నుంచి పోయేది. పిలిస్తే ఎవరో ఒకరు వచ్చేవారేమో. కాని పొద్దస్తమానం "నాకు నీళ్ళు, నాకు నీళ్ళు" అని పిలవడం ఆమెకి చేతకాలేదు. అంత మాటకారికి ఆ ఒక్క మాట గొంతు దాటలేదు.

నాలుగోరోజు పొద్దున తనంతట తనే బయల్దేరింది. మలుపు దాకా బాగానే పోయింది. అక్కడి నుంచి రెండు ముడులు తగలాల్సిన చోట ఏమీ తగల్లేదు. ధబ్బుమని గుంటలో పడింది.

పైడి విని గెంతుకుంటూ పోయి గంగుల్ని తీసుకొచ్చింది. ముసలి ఎలుగు గుంటలోకి ఎండుకొమ్మ దించి, దాన్ని పళ్ళతో పట్టుకోమని, పైకి లాగాడు. ఆకుదొన్నెలో నీళ్ళు తెచ్చి తాగించాడు. నూకాలు దొన్నె ఖాళీ చేసి, ఇంకోటి అడిగి, అదీ ఖాళీ చేసింది.

"నొప్పిగా ఉందా?" అన్నాడు గంగులు.

"పడ్డందుకు కాదు తాతా" అంది నూకాలు. ఆమె గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది. "ఇన్నేళ్ళూ నేను గుడ్డిదాన్నని గుర్తే లేదు. తీగ తీసేసినరోజే గుర్తు చేశారు."

గంగులు పంజా చాచాడు. ఆమె ముక్కు మీద మెల్లగా నిమిరాడు. ముళ్ళు లేని చోటు అదొక్కటే.

"నేను కడతానుగాని, నాకు ఊపిరి ఆడ్డం లేదమ్మా. వేళ్ళూ నేనే తవ్వాలి, గింజలూ నేనే ఏరాలి ఇప్పుడు" అన్నాడు.

"నువ్వొద్దులే తాతా" అంది పైడి. "మేం కట్టుకుంటాం."

"ఎవరం మేం?" అన్నాడు అప్పన్న. అప్పుడే వచ్చాడు. గుంటలో పడిందని కబురు అందినప్పుడు బయల్దేరినవాడు, అప్పటికి చేరాడు.

"నువ్వూ, నేనూ, ఈ ముళ్ళకంపా" అంది పైడి.

"ముళ్ళకంప నీ అత్త" అంది నూకాలు. అప్పుడు గొంతు మామూలుగా వచ్చింది. ముగ్గురూ నవ్వారు.

పైడి పళ్ళతో సన్న తీగలు కొరికింది. పెద్ద అడ్డతీగ లాగే బలం వాళ్ళకి లేదు కదా. అప్పన్న వాటిని డిప్ప మీద మోసుకొచ్చాడు. నూకాలు కూర్చుని ముక్కకి ముక్క కలిపి ముడులు వేసింది. ఆ ముడుల లెక్క ఆమెకి తప్ప ఎవరికీ అంత బాగా రాదు. పైడి కాలికి కట్టు లేదు. గంటకోసారి కూలబడేది. అప్పన్న పగులులో లక్క రాలిపోతోంది. అయినా రోజూ పని చేశారు. రోజూ పోట్లాడుకున్నారు కూడా.

"నెమ్మదిగా తేవయ్యా అప్పన్నా, తీగ తెగుతుంది!" అంది నూకాలు.

"నన్ను నెమ్మదిగా నడవమన్నది నా జన్మలో నువ్వొక్కదానివే."

చెట్ల మీద ఎత్తున కట్టడం వాళ్ళ వల్ల కాలేదు. అందుకని నేలకి జానెడెత్తున కట్టారు. నెల పట్టింది. చివరి చెట్టుకి మూడు ముడులు వేసినరోజు నూకాలు ఒక్కతే వాగుకి పోయి, నీళ్ళల్లో మూతి ముంచి, చాలాసేపు తియ్యలేదు.

మంచె కూడా అప్పుడే పూర్తయింది. సింహాద్రి దాని మీద కూర్చుని తోక ఊపాడు. "అత్తా, పైనుంచి ఎంత బాగుందో తెలుసా!" అని కేకేశాడు.

"చెప్పు నాయనా, కింద నేను కనపడుతున్నానా?" అంది నూకాలు.

"ఆకులడ్డం అత్తా!"

"అదే అనుకున్నా" అంది నూకాలు, తీగకి చెంప ఆనించి నడుస్తూ.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ఆవలి కొండ మీద ఎండుటాకులకి నిప్పంటుకుంది. మంట అక్కడే ఉంది కాని, గాలి ఇటు తిరిగింది. పొగంతా లోయలోకి దిగింది.

కొండ మీంచి దిగే పొగ ముందు ఎత్తున ఉన్నవాళ్ళకే తగులుతుంది కదా? అందరికన్నా ముందు మంచె మీదున్న సింహాద్రికే అందింది. కళ్ళు మండిపోయాయి. ఒక్క క్షణంలో రెప్పలు వాచి మూసుకుపోయాయి. దగ్గుతూ, తడుముకుంటూ, కొమ్మ నుంచి కొమ్మకి జారుతూ నేల మీద పడ్డాడు. అతను అడవిపెద్ద అయ్యాక నేల తాకింది అదే మొదటిసారి.

కింద కూడా ఏమీ కనపడటం లేదు. దుప్పులు చెట్లకి గుద్దుకున్నాయి. అడవిపందులు ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. ముంగిస పిల్లల్ని పేరుపేరునా పిలుస్తోంది. వాగులోకి పోతే బతుకుతామని అందరికీ తెలుసు. వాగు ఎటో ఒక్కరికీ తెలియడం లేదు.

అప్పుడు ఆ పొగలోంచి ఒక గొంతు వినపడింది. అడవంతటినీ రోజూ తిట్టే గొంతు.

"నోళ్ళు మూయండి! అరిస్తే పొగ లోపలికి పోతుంది. అందరూ పొట్టలు నేలకి ఆనించండి. నేల దగ్గర గాలి ఉంది. నా గొంతు వినపడిన వైపు పాకండి. జానెడెత్తున తీగ తగులుతుంది. దొరికినవాళ్ళు వదలకండి. పిల్లల్ని మధ్యలో పెట్టుకోండి."

ఒక్కొక్కరే పాకుతూ వచ్చారు. ఒక్కొక్కరికే తీగ తగిలింది. ముందు నూకాలు, ఆమె వెనక సింహాద్రి, ఆ వెనక ముంగిస పిల్లలు, దుప్పులు, పందులు. చివర గంగులు, అప్పన్నని చంకలో పెట్టుకుని, పైడిని మెడ మీద ఎక్కించుకుని.

"అబ్బా!" అన్నాడు సింహాద్రి.

"నాకు మరీ దగ్గరగా రాకు. ముక్కు పోతుంది" అంది నూకాలు.

"అత్తా, నాకేం కనపడటం లేదు. ఇంకెంత దూరం? నాకు భయంగా ఉంది."

"చేతికేం తగిలింది?"

"ఏదో ముడి. ఒక్కటి."

"అయితే మలుపు. ఎడమకి తిరుగు. వెనకవాళ్ళకి చెప్పు."

"ఎడమకి!" అని సింహాద్రి చెప్పాడు. ఆ మాట నోటి నుంచి నోటికి వెనక్కి పోయింది.

"ఇప్పుడు రెండు తగిలాయి అత్తా."

"అది నేను పడ్డ గుంట. కుడిపక్కకి పోకండి."

సింహాద్రి ఒక్క క్షణం ఆగాడు. "నువ్వు పడ్డావా? ఎప్పుడు?"

"తర్వాత చెబుతా. నడు."

మూడు ముడులు తగిలేసరికి నీళ్ళ చప్పుడు వినపడింది. అందరూ మెడల దాకా వాగులో కూర్చున్నారు. సాయంత్రానికి గాలి మళ్ళీ తిరిగి పొగ పోయింది. ఒక్క పిల్ల కూడా తప్పిపోలేదు.

అందరి కళ్ళూ తేరుకున్నాయి, సింహాద్రివి తప్ప. గంగులు అతన్ని మందుగుహకి తీసుకుపోయాడు. నందివర్ధనం పూలరసం ఉన్న దొన్నె తీసి చూశాడు. అడుగున నాలుగు చుక్కలున్నాయి.

"అంతేనా తాతా?" అన్నాడు సింహాద్రి.

"రెండు మందురోజులు జరగలేదు కదా" అన్నాడు గంగులు మామూలుగా. "మూడురోజుల్లో తగ్గాల్సింది, పదిరోజులు పడుతుంది. మరేం పర్లేదు."

ఆ పదిరోజులూ కళ్ళకి ఆకులు కట్టుకుని, సింహాద్రి రోజూ తీగ పట్టుకుని వాగుకి నడిచాడు. ఒంటరిగా. నేల మీద. ఒకరోజు కట్టు మారుస్తూ గంగులు అతని తోక పట్టుకుని చూశాడు.

"ఈ వంపు నా చేతిపనే. నీకు గుర్తుండదులే. మీ అమ్మ పొట్ట వదిలి జారిపడ్డావు. తోక రెండు ముక్కలైంది. నలభై రోజులు నల్లేరు కట్టాను. అడవిపందులు మోసుకొచ్చాయి."

"నేను అడవిపెద్దని అవుతానని వాళ్ళకి తెలుసా?"

"ఏం తెలుస్తుంది! అరచేతిలో పట్టేంత ఉండేవాడివి. నీకు ఏడవడం ఒక్కటే వచ్చు. నీకు నొప్పిగా ఉందని తెచ్చారు."

సింహాద్రి తోక మెల్లగా కిందికి దిగింది.

కళ్ళు తెరిపిడి పడ్డరోజు అందరినీ ఇప్పచెట్టు కిందికి పిలిచాడు. ఈసారి కొమ్మ ఎక్కలేదు. అందరి మధ్యా నేల మీద కూర్చున్నాడు.

"నూకాలత్త మన ప్రాణాలు కాపాడింది" అన్నాడు. "ఆమె వల్ల అడవికి ఎంత మేలు జరిగిందో చూశారు. అందుకు బహుమానంగా ఆమె బతికినంతకాలం తీగ ఉండాలని నా మాట. ఏమంటారు?"

ఈసారి అందరూ నోళ్ళు తెరిచి గట్టిగా అరిచారు. "ఉండాలి! ఉండాలి!"

నూకాలు లేచి నిలబడింది. మురిసిపోతుందని అందరూ అనుకున్నారు.

"నాకొద్దు నీ బహుమానం" అంది.

అరుపులు ఆగిపోయాయి.

"సింహాద్రీ, ఒకటి అడుగుతా, చెప్పు. ఆ పొగ రాలేదనుకో. నాకు దాహం వెయ్యదా?"

సింహాద్రి నోరు తెరిచాడు. నూకాలు ఆగలేదు.

"పొగ వచ్చింది, నేను పనికొచ్చాను, అందుకని తీగ ఇస్తున్నారు. బాగుంది. మరి పైడి? అది ఎవరి ప్రాణాలూ కాపాడలేదు. దాని కాలు నొప్పి పెట్టడం మానేస్తుందా? అప్పన్నని పొగలో గంగులు తాత మోసుకొచ్చాడు. మోయించుకున్నాడు కాబట్టి లక్క వద్దా? రేపు పుట్టే గుడ్డిపిల్ల ఎన్ని మంటలార్పాక నీళ్ళు అడగాలి? మీ ప్రాణాలు కాపాడినందుకు ఇవ్వకండి. నాకు దాహమేస్తుంది. అందుకివ్వండి. అందుకే అయితే తీసుకుంటా."



ముందుగా ముంగిస మాట్లాడింది. దాని అరచేతిలో మూడు మచ్చలు ఇంకా ఉన్నాయి. "ఆరోజు నేను తలూపాను అత్తా. నీకు కనపడలేదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నా."

"నేనూ" అంది అడవికోడి.

"మేమూ" అన్నాయి అడవిపందులు.

"తెలుసర్రా" అంది నూకాలు. "మీరు ఊపినప్పుడు చెవులు టపటపలాడాయి. నా చెవులు బాగానే పనిచేస్తాయి."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. సింహాద్రి మాత్రం నవ్వలేదు. లేచి ఇప్పచెట్టెక్కాడు. మంచె కట్లు ఒక్కొక్కటే విప్పి, అడ్డతీగ కిందికి వదిలాడు. పూర్తిగా విప్పేదాకా దిగలేదు. దిగాక నూకాలు ముందు నిలబడ్డాడు.

"దాహానికే అత్తా" అన్నాడు. "మందురోజు నెలనెలా ఉంటుంది. కాలికి, డిప్పకి, కళ్ళకి, అన్నిటికీ. పొగొచ్చినా రాకపోయినా."

"అదీ మాట" అంది నూకాలు.

ఆ మర్నాడే మందురోజు చేశారు. తీగ రెండు వరసలు కట్టారు. ఒకటి పెద్దవాళ్ళ ఎత్తుకి, ఒకటి నేలకి జానెడెత్తున. పైడికి కొత్త కట్టు, అప్పన్నకి కొత్త లక్క. సింహాద్రి ముడులు వేస్తానని పట్టుబట్టాడు. నూకాలు వెనకే నడుస్తూ ఒక్కో ముడీ తడిమి చూసింది.

"ఇది వదులుగా ఉంది పెద్దా. విప్పి మళ్ళీ కట్టు."

అతను విప్పి మళ్ళీ కట్టాడు.

"ఇది పర్లేదు. ఇంత వంకర బుద్ధికి ఇంత తిన్నని ముడి ఎలా వచ్చిందో!"

"నీ నోటికి కూడా తీగ కట్టాల్సింది అత్తా."

"దానికి నీ ఎత్తు చాలదు నాయనా."

చివరి చెట్టు దగ్గర మూడు ముడులు పడ్డాయి. నూకాలు అందరినీ అక్కడే వదిలేసి, వెనక్కి బొరియ దాకా పోయింది. అక్కడి నుంచి మళ్ళీ బయల్దేరింది. ఒక ముడి. రెండు ముడులు. మూడు ముడులు. వాగులో మూతి పెట్టి కడుపునిండా తాగింది. ఆ రోజు ఆమె ఎవరినీ నీళ్ళు అడగలేదు. ఆ తర్వాత ఏ రోజూ అడగాల్సిన అవసరం రాలేదు.

నీతి: తోటివాళ్ళు మనకి ఎంత పనికొస్తారో చూసి చేసేది సాయం కాదు, బేరం. దాహం వేసిందంటే చాలు, నీళ్ళదారి వాళ్ళ హక్కు.